కోళ్ల గంపల మధ్య చెవి పరీక్ష

సోంబరుకి ఒకటే జబ్బు. సంతలో ఎవడైనా కనబడితే వెనక్కి చేరి గుసగుసగా ఏదో అంటాడు. ఆ వెంటనే "ఏటన్నానో సెప్పు" అని నిలదీస్తాడు.

పాడేరులో చెవి డాక్టరు దగ్గర ముప్పై ఏళ్లు అటెండరు. డాక్టర్లు బదిలీ అయిపోయారు, విద్య మాత్రం ఇతగాడికి అంటుకుపోయింది.

డుంబ్రిగుడ సంతకి పసుపు కోసం వెళ్లానా, నన్ను కోళ్ల గంపల మధ్యకి ఈడ్చుకుపోయాడు. అటు డప్పులు, ఇటు ఆరు వందల కోళ్లు. ఆ కోళ్లు కూస్తే అరకు రైలు సిగ్నలనుకుని ఆగిపోతుంది, కళ్లారా చూశాను. వెనక నుంచి గొణిగాడు.

"ఏటన్నాను?"

"చింతపండు. నన్నొదులు! ఈ వయసులో నడిసంతలో నాకు పరీక్షలేమిట్రా?"

"కోప్పడకు మాస్టారూ. ఈ గోలలో నా మాటెలా ఇన్నావు? సెవి పల్లెటూరు, మెదడు పాడేరు ఆఫీసు. కింద నుంచి పైకి కబురెల్తాది. పై నుంచి కిందకి ఆర్డరూ వత్తాది, 'కోళ్లని తగ్గించు, మాటని పంపించు' అని."

"పాడేరు నుంచి ఆర్డరు అంత బేగి ఎప్పుడొచ్చిందిరా?" అని కసిరాను.

ఎవర్నీ వదల్లేదు. అప్పలనర్సమ్మ అల్లం తూస్తుంటే వెనక చేరాడు, తక్కెడ విసిరింది. సొంత బావమరిదిని సాగనంపుతుంటే, డప్పుల మధ్య, పాడె మోసేవాడి చెవిలో "గుమ్మడికాయ" అన్నాడు. పద్ధతేనా ఇది?

ఇంతలో హాస్టలు వార్డెను విజయలక్ష్మి, ఎనిమిదో తరగతి సత్యకుమారిని ఇంటికి పంపేస్తానంది. భోజనాల హాల్లో ఎంత పిలిచినా పలకదట. "చెవుల క్యాంపులో తలుపులు మూసి పరీక్ష చేశారు. చెవులు బాగున్నాయి. ఉన్నదల్లా పొగరు!"

సోంబరు ఒక నోటుబుక్కుతో, నాతో, హాస్టలుకి వెళ్లాడు. పళ్లాలు మోగుతున్న హాల్లో పిల్ల వెనక నుంచి గొణిగాడు. ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ వరండాలో అదే గొణుగుడు. "తేనె" అంది పిల్ల, ఠక్కున.

"ఆ గోలలో ఎవరికి వినబడుతుందండీ?" అంది వార్డెను.

"అందరికీ ఇనబడతాది మేడం." నోటుబుక్కు తెరిచాడు. "ఆర్నెల్ల కితం సంతలో పిలిత్తే ఈ గుంట పలకలేదు. అప్పట్నుంచి రెండొందల పదముగ్గుర్ని గోలలోనే అడిగాను. ముసిలోళ్లూ సెప్పారు. ఈ గుంటకి సెవి మంచిదే, పై నుంచి ఆర్డరే దిగట్లేదు. ముందు బెంచీలో కూకోబెట్టండి. పిలిసినప్పుడు ఎదరకొచ్చి పిలవండి."

నోటుబుక్కులోకి తొంగిచూశాను. నా పద్దూ రాసుంది: "మాస్టారు. మూడు సంతల్లో మూడుకి మూడు. తిట్లు ఎక్కువ."

నాకు ఒళ్లు మండింది. "ఆ పిల్ల కోసమని ఒక్క ముక్క చెప్పకూడదురా?"

"సెప్తే అందరూ సెవులు రిక్కించేత్తారు. లెక్క సెడిపోద్ది."

వార్డెను పిల్లని ఉంచేసింది. ఉంచేసి, మొన్న నాకు ఫోను! "మీ సోంబరుకి చెప్పండి. ముందు బెంచీలో కూర్చుని ఆ పిల్ల పక్కపిల్లతో ఒకటే కబుర్లు. పాఠం సాగనివ్వదు!"

కోపంగా వెళ్లి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాను.

"మళ్లీ సెప్పు మాస్టారూ."

"వినబడలేదా?"

"ఇనబడింది. ఆ కబుర్ల ముక్క మళ్లీ సెప్పు."