కాలులు కడుక్కున్న పిల్ల

స్కూల్లో ఆవిడని అందరూ వ్యాకరణం టీచరనే పిలిచేవారు. తప్పుమాట వినబడితే చెవిలో జోరీగ దూరినట్టుండేది ఆవిడకి. కూరలబండి మీద రాసిన ‘వంకయలు’ చూసి, బండివాడి దగ్గర సుద్దముక్క అడిగి మరీ దీర్ఘం ఇచ్చి వచ్చిన మనిషి.

ఆవిడ రిటైరైన ఏడే కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరింది. మూడేళ్ళ మనవరాలు పగలంతా నానమ్మ దగ్గరే. పిల్ల వసపిట్ట.

“నానమ్మా, కాలులు కడుక్కున్నా.”

“కాలులు కాదమ్మా, కాళ్ళు. ఏదీ, అను.”

“కాళ్ళు,” అనేది పిల్ల. కాసేపటికి, “నాన్న వచ్చింది.”

“వచ్చింది కాదు, వచ్చాడు. మళ్ళీ చెప్పు.”

కొన్నాళ్ళకి పిల్ల మాట పొదుపు చేయడం మొదలెట్టింది. దాహమేస్తే గ్లాసు చూపించేది. అడిగితే తలాడించేది. గొంతు నొప్పేమో అనుకుంది ఆవిడ. ఓ సాయంత్రం కోడలు కాస్త జంకుతూనే అడిగింది.

“అత్తయ్యా, పగలు మీతో మాట్లాడుతోందా? మా దగ్గర నోరే విప్పట్లేదు.”

పేపరు చదువుకుంటున్న తాతయ్య తలెత్తకుండానే అన్నాడు. “నోరు విప్పితే దిద్దుతుందని భయం దానికి. పెళ్ళైన కొత్తలో నేనూ అంతే, ఊఁ, ఆఁ లతో సరిపెట్టుకునేవాణ్ణి.”

కోడలు నవ్వు ఆపుకుంది. ఆవిడకి మాత్రం చివుక్కుమంది. అన్నం కలుపుతూ కూడా అదే ఆలోచన. పెద్దవాళ్ళెవరూ ‘కాలులు’ అనరు. మరి పిల్ల ఎక్కడ విన్నట్టు? ఎక్కడా వినలేదు. బొమ్మలు, చెట్లు, పువ్వులు విని విని, చివర ‘లు’ చేర్చాలని తనే పట్టేసింది. అదే సూత్రాన్ని పెద్ద పిల్లల చేత వల్లె వేయించడానికి తను ఎన్ని బెత్తాలు విరగ్గొట్టిందో.

మర్నాటి నుంచి ఆవిడ దిద్దడం మానేసింది. నాలుక దురద పెట్టేది, ఓర్చుకునేది. ఆరిన బట్టలు మడతపెడుతూ, “ఇది నాన్న చొక్కా. నాన్న వచ్చాక తొడుక్కుంటాడు,” అంటూ తన ధోరణిలో తను చెప్పుకుపోయేది. పిల్ల వినేది. పలికేది కాదు.

ఓ రోజు స్నానాలగది ముందు తడికి జారి, ఏడుపు మొహంతో వచ్చింది.

“నానమ్మా, పడాను.”

“పడ్డావా తల్లీ? ఎక్కడ పడ్డావు?”

“అక్కడ. చేయిలు మంట.”

“ఏవీ, నీ చేతులు ఇలా చూపించు.” ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊదింది. పిల్ల వెక్కుతూనే ఎలా జారిందో, బకెట్టు ఎలా దొర్లిందో పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది. సగం మాటలు తప్పే. ఆవిడ ఒక్కదానికీ అడ్డు రాలేదు.

సాయంత్రాలు ఇంటికొచ్చే ట్యూషను పిల్లలకి కొత్త పని పెట్టింది. ఇంట్లో చిన్నవాళ్ళ తప్పులు విని రమ్మంది.

“మా చెల్లి గోరులు అంటుంది టీచర్.”

“మా తమ్ముడు ఇల్లులు అంటాడు.”

“అలా అనమని వాళ్ళకెవరు చెప్పారు?”

వెనక కూర్చున్న అమ్మాయి మెల్లగా అంది. “ఎవరూ చెప్పలేదు టీచర్. వాళ్ళే చేసుకున్నారు.”

“మరి గోరు గోళ్ళెందుకయింది?” అడిగాడు ఇంకొకడు. ఆ సాయంత్రం ఎవరూ గడియారం వంక చూడలేదు.

మనవరాలు బడిలో చేరేనాటికి కాళ్ళూ చేతులూ వాటంతటవే సర్దుకున్నాయి. పిలవడం మాత్రం ఇంకొన్నాళ్ళు, “నానమ్మా, ఇటు వచ్చు,” అనే పిలిచేది. ఆవిడ చేతిలో పని పక్కనపెట్టి వెళ్ళేది.