మా చెల్లె బరువు ఇరవై అని రాశాను

మేం చిన్నగా ఉన్నప్పుడు... షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా మగ్గానికి నూలు కట్టలు మోసే పని నాదే. ఒక్కో కట్ట పది పౌన్లు, అదే పౌండ్లు. మిల్లు నుంచి అలాగే కట్టి వచ్చేవి. చెరో భుజం మీద ఒకటి పెట్టుకుని సందులోంచి తెచ్చేవాణ్ణి...

నేను ఊళ్ళో బడిలో చదివి, ఆరో తరగతికి షోలాపూర్ వచ్చాను. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

ఒకరోజు మా తెలుగు బడి సైన్సు సారు ఇంటి పని ఇచ్చారు. ఇంట్లో ఒకరి బరువు అంచనా వేసి రాయాలి. కాంటా ముట్టకూడదు... చేతికి తెలిసిన బరువుతో పోల్చాలి.

నాకు తెలిసిన బరువు నూలు కట్టే. మా చెల్లె యమునకు అప్పుడు ఐదేళ్ళు. భుజాన కూర్చోబెట్టుకుని సందు చివరిదాకా నడిచాను. తర్వాత రెండు కట్టలతో నడిచాను. సమానంగానే అనిపించింది. ఇరవై అని రాశాను.

మర్నాడు సారు నన్ను లేపారు.

"ఇరవై ఏందిరా? మామిడికాయలా?"

క్లాసంతా నవ్వింది. నాకంటే ముందు లేచినవాళ్ళు ఏమన్నారో నేనూ అదే అన్నాను.

"కిలోలు సార్."

"గట్ల చెప్పు. మంచిగ తింటదిరా మీ చెల్లె!" అని టిక్కు పెట్టారు.

కూర్చున్నాక కూడా పౌన్ల సంగతి గుర్తు రాలేదు. నవ్వు ఆగింది... అది చాలనుకున్నాను.

ఆ వారంలోనే అమ్మ బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి నాన్నతో అంది. "పోరి సన్నగైతాంది. రెక్కలు చూడు, పుల్లలైనయ్. రేపు దవాఖానకు తీస్కపోదాం."

నేను నోటుబుక్కు తెచ్చి చూపించాను. "ఇరవై కిలోలుందమ్మా. మంచిగ తింటదని సారు గూడ అన్నడు."

అమ్మకు చదువు రాదు. ఎర్ర టిక్కు మీద వేలు పెట్టి చూసింది.

"సారే అన్నడా? నేనే ఊకె పరేషానైతున్న..."

మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

దవాఖానకు వెళ్ళింది నెలన్నర తర్వాత. అప్పటికి యమున కూర్చోలేకపోతోంది. నర్సమ్మ కాంటా మీద పడుకోబెట్టి, తొమ్మిది కిలోలకు తక్కువ అంది.

నాన్న ఒప్పుకోలేదు. వచ్చీరాని మరాఠీలో కాంటా పాడైందన్నాడు. "బాయి, కాటా ఖరాబ్ ఆహే! మా పోరి ఇరవై కిలోలుండె!"

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. నూలు కట్ట మీది చీటీలో రెండూ పక్కపక్కనే ఉండేవి... పది పౌన్లు, నాలుగున్నర కిలోలు. రోజూ చూసేవాణ్ణి. రెండు కట్టలంటే తొమ్మిది. అప్పుడు తట్టింది నాకు... నేను రాసింది పౌన్లని, కిలోలు కాదని.

నాలుగో రోజు యమున పోయింది. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు కట్టలు మోశాను.

ముందే తీసుకెళ్తే బతికేదో లేదో... తెలీదు. డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు.

అమ్మ చాలా ఏళ్ళు బతికింది. యమున మాట వస్తే చాలు, "ఆ దవాఖాన కాంటా పాడుగాను... తప్పు జూపిచ్చి నా పోరిని మింగింది" అనేది. నేను పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాణ్ణి.

ఇప్పుడు మేం ఉండే నీలం నగర్‌లో అంగన్‌వాడీ బాయి పిల్లలను నెలనెలా తూచి కార్డు మీద రాస్తుంది. పక్కన కిలోలు అని కూడా రాస్తుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటాను... మంచి పని.

అమ్మ ఉండగా చెప్పాల్సింది ఇక్కడ రాశాను. వినాల్సినవాళ్ళు ఉండగా చెప్పలేకపోయిన చిన్ననాటి మాట మీకూ ఏదైనా ఉంటే... కింద రాయండి. నేను జవాబు రాయలేకపోయినా, చదువుతాను.