పాడకుండా సాగనంపినవాళ్ళు

గుడియాత్తం నేతగాళ్ళ వీధిలో ఎవరు పోయినా వరదప్ప పాడాల్సిందే. పాడె ముందర తాళాలు పట్టుకుని, ఏటి ఒడ్డు దాకా గోవిందనామం చెప్పుకుంటా నడిచేవాడు. ఇరవై ఏండ్లలో అట్ల ఎంతమందిని సాగనంపినాడో ఆయనకే తెలియదు. మిగతా పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని లుంగీలు నేసే మనిషి.

1918లో, దీపావళి వచ్చే ఐప్పిసి నెలలో విషజ్వరం వచ్చింది. ఆ ఒక్క వీధిలోనే పద్దెనిమిది మంది పోయినారు. పాడె మోసేదానికే మనుషులు లేరు, ఇంక పాట యాడ? ఎద్దుల బండిలో ఇద్దరినీ ముగ్గురినీ కలిపి తీసుకుపోయినారు. వరదప్ప భార్య అమరావతి కూడా ఆ బండిలోనే పోయింది. అప్పుడు ఆయనే జ్వరంతో చాప మీద పడి ఉన్నాడు, గడప దాకా కూడా రాలేకపోయినాడు. బతికినాడు గానీ, రెండు మూరలు నేస్తే ఆయాసం. మళ్ళా తాళాలు ముట్టుకోలేదు.

మరుసటి ఏడు ఏప్రిల్ మొదట్లో, శంకరన్ అనే వకీలు గుమాస్తా వేలూరు నుంచి వచ్చినాడు. విచారణ లేకుండానే జైల్లో వేసేదానికి సర్కారు తెచ్చిన నల్లచట్టం వద్దని ఆదివారం దేశమంతా దుఃఖదినమంట. అంగళ్ళు మూయాల, ఉపవాసం ఉండాల, భజనతో మైదానానికి పోవాల.

"మీరే ముందర పాడాలప్పా," అన్నాడు.

"నాకు గొంతు యాడుండాది నాయనా? నా ఇంటి దుఃఖమే మోయలేకుండా ఉండా. దేశానిది యాడ మోసేది?"

వాకిట్లో నూలు చుడతా ఉన్న వరదప్ప అక్క ధనమ్మ తల ఎత్తకుండానే అనింది: "దేశమంటే ఎవుర్రా? ఆ బండ్లో పోయినోళ్ళు కాదా?"

ఆదివారం మగ్గాలన్నీ ఆగిపోయినాయి. జ్వరం నాళ్ళలో విన్న నిశ్శబ్దమే అది. మళ్ళా తాళాలు పట్టిన వరదప్ప వెనక జనం నడిచినారు. జయరామయ్య ఇంటి ముందర ఆయన నిలబడిపోయినాడు. జయరామయ్య ఇద్దరు కొడుకుల్ని ఆ బండెక్కించినవాడు.

"ఆయాసమా అప్పా?" అని అడిగినాడు శంకరన్.

"ఈ ఇంట్లో ఇద్దరికి పాడలేదు నాయనా."

పాడె ముందర పాడే పాటే ఎత్తుకున్నాడు. జయరామయ్య గడపలో కూలబడి, అన్ని నెలలుగా రాని ఏడుపు ఏడ్చినాడు. అది చూసి, ఆ ముందరున్న ఇండ్లవాళ్ళు పిలవకుండానే వాకిట్లోకి వచ్చి నిలబడినారు. "మా వళ్ళికి పాడు మామా, మూడేండ్ల బిడ్డ," అనింది ఒకామె.

ఎండ నెత్తికెక్కింది. కడుపులో ఏమీ లేదు. "మైదానంలో జనం కాచుకోనుండారు," అని శంకరన్ ఒకసారి అన్నాడు. మళ్ళా అనలేదు. వరదప్ప చేతిలోని తాళాలు తానే తీసుకుని వేసినాడు. ఏడో ఇంటికి గొంతు బొంగురుపోయింది. పదో ఇంటికి గాలి మాత్రమే వచ్చింది.

చివర ఆయన ఇల్లు. నోరు తెరిచినాడు. రాలేదు. గోడకి ఆనుకుని నేల చూస్తా ఉంటే, ఎన్నడూ వీధిలో పాడని ధనమ్మ అందుకునింది. శ్రుతి లేదు, సగం మాటలు తప్పు. అయినా అమరావతి పేరు చెప్పి, కడదాకా పాడింది.

వాళ్ళు మైదానం చేరేసరికి సభ ముగిసి, జనం ఇండ్లకి పోతా ఉన్నారు. చట్టం ఆ పొద్దుతో పోలేదు. వరదప్పకి పాడే గొంతూ మళ్ళా రాలేదు.

పొద్దుగూకినాక గంజి పోస్తా ధనమ్మ అడిగింది: "పాట తప్పు పాడినానా?"

"తప్పే," అన్నాడు. "ఇంకొంచెం గంజి పొయ్ అక్కా."