ఇద్దరు పోసిన నూనె

మా బావ మెకానిక్. కారు తెచ్చినవాళ్ళు రోగం చెబుతుంటే వినడు. ముందు ఇంజన్‌కి గాలి వెళ్ళే గొట్టం ఊడదీసి అందులో తెల్లగుడ్డ దూరుస్తాడు. "మా ఆయన గుడ్డతో జాతకం చెబుతాడు" అని అక్క ఏడిపిస్తుంది. నేను ఆయన షెడ్డులోనే పని చేస్తా. నాది నోటిదురుసు, ముందే చెబుతున్నా.

ఆ రోజు ఒక డీజిల్ టాక్సీ వచ్చింది. పగలు అన్న నడుపుతాడు, రాత్రి తమ్ముడు. వాటాల గొడవలో మాటలు మానేశారు, తాళంచెవి గోడ మీద పెట్టి పోతారట. రెండిళ్ళకీ కూడు పెట్టేది ఆ బండే. నీలం పొగ చూసి అందరూ ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో పోయింది, అమ్మేసుకోండి అన్నారట. ఆ భయంతో ఇద్దరూ వచ్చి చెరోపక్క నిలబడ్డారు, ఇద్దరి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు.

బావ కారు ముందుభాగం జాకీతో ఎత్తి గుడ్డ దూర్చాడు. నల్లగా తడిసింది.

"టర్బోకి ముందున్న గొట్టంలోనే ఇంత నూనె ఉంది. తప్పు టర్బోది కాదేమో" అని, ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. గీత ఎక్కడో, నూనె ఎక్కడో! ఎక్కువైన నూనెని ఇంజన్ గాలి గొట్టంలోకి కక్కుతోంది.

"ఏ మహానుభావుడు పోశాడయ్యా ఇంత?" అన్నాను నేను, ఒళ్ళు మండి. ఇద్దరూ నేలచూపులు చూశారు.

"టర్బో బాగానే ఉంది" అన్నాడు బావ. అంతే, అన్న సంబరంగా సీట్లో దూకి తాళం తిప్పేశాడు.

"వద్దయ్యా!" అని బావ అరిచేసరికే ఆలస్యమైంది. కారు ఎత్తినప్పుడు గొట్టాల్లో నిలిచిన నూనె ఇంజన్ వైపు జారింది. దాన్నే డీజిల్‌లా తాగి ఇంజన్ పిచ్చెక్కినట్టు అరిచింది. తాళం తీసేసినా ఆగదే! షెడ్డంతా పొగ. ఇంకాసేపైతే ఇంజన్ ముక్కలైపోతుంది, బావ దాని పక్కనే ఉన్నాడు.

గొట్టం ఊడదీసిన చోట టర్బో గాలి లాక్కునే రంధ్రాన్ని మూయాలని తమ్ముడు అరచెయ్యి చాపాడు. లోపల తిరిగే చక్రం వేళ్ళు తరిగేస్తుంది.

"చెయ్యి తియ్యరా చిన్నోడా!" కారులోంచి అన్న కేక పెట్టాడు.

తమ్ముడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. బావ తను కూర్చునే పీట ఎత్తి రంధ్రానికి అదిమి ఒళ్ళంతా మోపాడు. గాలి అందక ఇంజన్ దగ్గి దగ్గి ఆగింది.

బావ అక్కడే చతికిలపడ్డాడు. అన్న దిగొచ్చి తమ్ముడి వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"నూనె నేనేరా పోస్తున్నది. నువ్వు పట్టించుకోవేమోనని."

"నేనూ పోస్తున్నా. నువ్వు చూడవేమోనని."

"ఒక్క మాట అడగొచ్చు కదరా."

"అడిగితే పలికేవాడివా అన్నా?"