సౌభాగ్యమ్మ ఇంట్లో సిగ్నల్ దీపం

తన ఇంట్లో వాడి చూడందే ఊరికి చీపురు కూడా కొననివ్వని మనిషి బందరు మునిసిపాలిటీ మేనేజరు నాగభూషణరావు గారు. ఆ పరీక్షలు పడేది మాత్రం ఆయన భార్య సౌభాగ్యమ్మ. వీధులకు ఫినాయిలు కొన్న ఏడాది, ఆ ఘాటుకు గుడివాడ నుంచి వచ్చిన ఆడపడుచు అన్నం కూడా తినకుండా బస్సెక్కేసింది. ఫైరింజను గంట మోగించిన పూట పక్కింటి రమణమ్మ గారి గేదె పాలు ఎగ్గొట్టింది. ఊరికి కొనేది మనం వాడి చూడొద్దా అని ఆయన వాదన. ఊరి సంగతి సరే, చెవులు నావి కదా అని ఆవిడ గొణుగుడు.

అరవై మూడులో సెంటర్లో ట్రాఫిక్ సిగ్నల్ పెట్టాలని తీర్మానమైంది. మద్రాసు నుంచి రెండు నమూనాలొచ్చాయి. ఒకటి దానంతటదే మారేది, రెండోది మనిషి స్విచ్చి తిప్పితే మారేది. ఛైర్మన్ ప్రకాశరావు గారి మనసు మొదటిదాని మీద పడింది. ఇంకేం, అది వచ్చి వంటింటి గుమ్మం మీద వెలిగింది. ఎర్రగా ఉన్నంతసేపు ఎవరూ గుమ్మం దాటకూడదు. సౌభాగ్యమ్మ చేతిలో ఉప్మా చల్లారిపోయేది. మరిది ఈశ్వరప్రసాద్ సంచీ పట్టుకుని బుద్ధిగా నిలబడేసరికి అవనిగడ్డ బస్సు కాస్తా వెళ్ళిపోయింది.

ఒకరోజు ఖుద్దూస్ వచ్చాడు. సెంటర్లో ఎండనపడి ఎర్రజెండా, పచ్చజెండా ఊపుతూ బళ్ళను ఆపేది అతనే. దానంతటదే మారే దీపం వస్తే అతని ఉద్యోగం ఊడినట్టే.

"బాగా పనిచేస్తోందాండీ?" అని మాత్రం అడిగాడు.

"బ్రహ్మాండంగా చేస్తోందయ్యా," అన్నారు నాగభూషణరావు గారు, అబద్ధం చేతకాక.

ఖుద్దూస్ మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. సౌభాగ్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి కడుపు కొట్టే దీపానికి మళ్ళీ మెప్పొకటా అని ఆ రోజు నుంచీ మొగుడికి రెండో కాఫీ మానేసింది.

ఆఖరి పరీక్షకు ఛైర్మన్ గారు ఇంటికే వచ్చారు. పెడన నుంచి అద్దకం బట్టలు తెచ్చే సూరయ్య బండిని పెరట్లోకి తోలించారు. బండివాళ్ళు దారిలో ఎలాగూ నిద్రపోతారు, నడిపేది ఎడ్లే కదా అని సూరయ్యను దూరంగా నిలబెట్టారు. కళ్ళెదుట ఎర్రదీపం వెలగ్గానే ఎడ్లు బెదిరి ఆగాయి. పచ్చ వెలిగింది. ఎడ్లు మెడలు సాచాయి గానీ బండి కదల్లేదు.

"ఆగుతాయండీ, బయల్దేరడమే రాదు. అదిలించడానికి అక్కడ మనిషి ఉండాల్సిందే. మన ఊరికి స్విచ్చి దీపమే నయం," అన్నారు నాగభూషణరావు గారు గంభీరంగా.

వంటింటి గుమ్మంలోంచి సౌభాగ్యమ్మకు బండి అవతలి పక్క కనిపిస్తోంది. చక్రం ముందు పెద్ద రాయి ఉంది, ఆ రాయి మీద ఈయన పాదం ఉంది. ఇన్నేళ్ళ సంసారంలో ఆయన చేసిన మొదటి దొంగ పరీక్ష అది. ఆవిడకు కోపం ఎగిరిపోయి, ఆయన మీద ఎక్కడలేని ముద్దూ వచ్చింది.

ప్రకాశరావు గారికి అనుమానం తీరలేదు. "ఏవమ్మా, రోజూ చూస్తున్నారుగా, నిజమేనా?" అని ఆవిణ్ణే అడిగారు.

"ఎడ్ల సంగతి దేవుడెరుగునండీ. పచ్చ వెలిగినా, ఈయన పదమంటే గానీ ఇంట్లో మేమే కదలం," అంది సౌభాగ్యమ్మ.

ఛైర్మన్ గారు పగలబడి నవ్వి, స్విచ్చి దీపానికే సరేనన్నారు. తిప్పే మనిషి ఖుద్దూసే. అతనికి రేకుల నీడ, కూర్చోడానికి స్టూలు కూడా మంజూరయ్యాయి. స్టూలు ముందు మేనేజరు గారింటికే వచ్చింది. ఖుద్దూస్‌కు నడుం పట్టేస్తుందేమో చూడాలని పొద్దుటినుంచీ దాని మీదే కూర్చున్న మొగుడికి, సౌభాగ్యమ్మ అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది.