వాసెన బిగిసిన ఆదివారం

సరుకెక్కించే డాక్‌కి ట్రక్ ఆనుకుని నిలబడి ఉండగానే, నా భార్య శుక్రవారం తాను పెట్టిన సంతకాన్ని సోమవారం పొద్దున్న తానే వెనక్కి తీసుకుంది. సరుకు ఆగిపోయింది. ఆ సంగతి నాకు మిల్లు బయట కార్లో కూర్చుని ఉండగా తెలిసింది. ఆమె కారు మెకానిక్ దగ్గర ఉండటంతో నేనే దించడానికి వెళ్లాను. దించాక ఇంటికి పోబుద్ధి కాలేదు. రేడియో పెట్టాను, కట్టేశాను. దిగి కారు చుట్టూ తిరిగి మళ్లీ కూర్చున్నాను. ట్రక్ డ్రైవర్ కూడా నాలాగే ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. "హోల్డ్ పెట్టేశాను" అని మెసేజ్ వచ్చింది. అంతే.

మాది సౌత్ కరోలినాలో చిన్న ఊరు. మినప్పప్పు కావాలంటే షార్లెట్ దాకా డ్రైవ్ చేయాలి. ఊరి చివర నైలాన్ దారం తీసే మిల్లులో ఆమె ప్రాసెస్ ఇంజినీరు. దారం బాగుందని ఆమె సంతకం పడితేనే సరుకు గేటు దాటుతుంది. కార్ల ఎయిర్‌బ్యాగుల బట్టకు వెళ్లే దారమది. నేను తెలుగు దినపత్రిక డెస్కులో ఏళ్ల తరబడి పనిచేసి ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు వంట నాది.

ఆ దారం కథ ఆమె నోట విని విని నాకూ కొంత తెలిసింది. కరిగిన నైలాన్‌ను జల్లెడలాంటి సన్నటి కన్నాల్లోంచి నెట్టి పోగులు తీస్తారు. అవి వరసగా రోలర్ల మీదుగా పరుగెడతాయి. ప్రతి రోలరూ ముందుదానికంటే వేగంగా తిరుగుతుంది కనుక మధ్యలో దారం సాగుతుంది, సాగిన కొద్దీ గట్టిపడుతుంది. చిక్కేమిటంటే, అలా లాగిన దారం ఊరికే ఉండదు. వేడి తగిలితే చాలు, వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. అందుకని చివరి రోలర్లను బాగా వేడెక్కించి, ఆఖరిదాన్ని కాస్త నెమ్మదిగా తిప్పుతారు. ఆ వదులులో దారం ముడుచుకోవలసినంతా అక్కడే ముడుచుకుని కుదురుకుంటుంది. ఆ తర్వాత వరసగా ఉన్న వైండర్లు దాన్ని బాబిన్లనే కండెలకు చుడతాయి. వదులు ఎక్కువైతే బలం పోతుంది, తక్కువైతే ముడుచుకునే గుణం మిగిలిపోతుంది. అలాంటి దారాలు కొన్ని కలిసినా బట్ట ఒకచోట లాగేసి, ఇంకోచోట ముడతలు పడుతుంది. రేపు బ్యాగు ఉబ్బేటప్పుడు అది ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ముందురోజు, ఆదివారం, మినప కుడుము వేద్దామనుకున్నాను. గిన్నె మూతికి వాసెన కట్టాలి. అంటే తడిబట్ట పరిచి, చుట్టూ దారంతో బిగించి, దానిమీద పిండి వేసి ఆవిరి పట్టాలి. ఇంట్లో నూలుతాడు కనిపించలేదు. మిల్లులో సగం చుట్టగానే దారం తెగిన బాబిన్లను పక్కన పడేస్తారు. చిక్కుడు పాదులు కట్టుకోవడానికని ఆమె ఒకటీ అరా తెస్తుంటుంది. అందులోంచి కొంత తీసి కట్టాను.

కుడుము ఉడికింది కానీ వాసెన ఊడలేదు. దారం గిన్నె మెడను కరుచుకుపోయింది. కత్తెర మొన దూర్చడానికి కూడా సందు లేదు.

"ముడి వేయడం కూడా నేర్పాలా మీకు?" అని నవ్వుతూ వచ్చింది. వేలితో దారాన్ని మీటి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఏ బాబిన్ అండీ ఇది?"

"మొన్న తెచ్చావే, అదే."

"శుక్రవారం నేను రిలీజ్ చేసిన బ్యాచ్‌లోది."

గరాజ్‌లో పాత బాబిన్ ఉంటే తెచ్చింది. రెంటిలోంచీ మూరెడేసి ముక్కలు కోసి అదే ఆవిరిలో పెట్టింది. తీసి పక్కపక్కన పరిస్తే పాతది దాదాపు అలాగే ఉంది. కొత్తది బొటనవేలి వెడల్పంత తగ్గింది. చల్లారిన కుడుము నిలబడే చెరో ముక్కా తిన్నాం.

మిల్లులో ప్రొడక్షన్ చూసే వరంగల్ అతనికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సంగతి చెప్పింది. మమ్మల్ని అన్న, వదినె అంటాడు.

"ఇడ్లి గిన్నె మీద టెస్ట్ చేసి ట్రక్ ఆపుతవా వదినె? కస్టమర్‌కి ఏం చెప్పాలె నేను, మా అన్న కుడుములు ఖరాబైనయనా?"

"కుడుములు బానే వచ్చాయి నాయనా. దారమే బాలేదు."

"తెగిన బాబిన్ గదా అది! ఏదో లోపముంటేనే తెగుతది. ల్యాబ్‌ల చూసినయన్నీ పాసైనయ్."

"ల్యాబ్‌కి వెళ్లినవి కొన్నే. ఇది చివరి వైండర్ మీద చుట్టింది. అక్కణ్ణుంచి శాంపిల్ తీయలేదు."

"సైన్ చేసింది నువ్వే. రేపు కాదనేది గూడ నువ్వేనాయె. ఎల్లుండి నుంచి నీ సైన్‌ని ఎవడు నమ్ముతడు వదినె?"

ఆమె ఫోన్ పెట్టేశాక నేను నా డెస్కు అలవాటు కొద్దీ, ఇంకోచోట రూఢి చేసుకుంటే మంచిదేమో అన్నాను.

"రూఢి చేసుకోవాలన్నా సరుకు గేటు లోపల ఉండాలి కదా. పేపర్లో తప్పొస్తే మర్నాడు సవరణ వేస్తారు. దీన్ని కార్లో పెట్టి మూసేస్తారండీ."

ఆ వారమంతా పరీక్షలు నడిచాయి. ఎక్కువ బాబిన్లు పరీక్షకు నిలిచాయి. చివరి వైండర్‌వి కొన్ని ఫెయిలయ్యాయి, కొన్ని నిలిచాయి. రోలర్ల వేడి రికార్డులో ఎక్కడా తేడా కనిపించలేదు. "సగం నువ్వు కరెక్ట్, సగం నేను" అని వరంగల్ అతను రాజీకి వచ్చాడు. ఆమెకు ఆ సగం రుచించలేదు. పైవాళ్లు మాత్రం ఇకనుంచి ఆమె సంతకం పక్కన ఇంకొకరిది కూడా ఉండాలన్నారు. ఆమె అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోతుంది. లేచి వెళ్లి ఫోన్ చూసి వస్తుంది. నేను అడగడం మానేశాను, చూడటం మానలేదు.

అంతకుముందు వారం అదే మెషిన్ మీద తీసిన బ్యాచ్ అప్పటికే మిషిగన్‌లో నేత కంపెనీకి చేరిపోయింది. అందులో చివరి వైండర్ బాబిన్లు ఏ మగ్గాల మీదికి వెళ్లాయో చెప్పమని ఆమె వాళ్లకు రాసింది. ఇప్పటిదాకా జవాబు రాలేదు.