చేతులు చూపించు పాపా

పొద్దున మా కూతురింట్లో, హిందూపురంలో, వంటింటి గట్టు మీద నాలుగు అరటిపండ్లు కనపడినాయి. తోలంతా నల్లగా మచ్చలు పడి, ముట్టుకుంటే వేలు దిగబడేట్టు ఉన్నాయి. ఆఫీసుకు పోయే తొందరలో మా కూతురు వాటిని చెత్తబుట్టలో వెయ్యబోతే, "ఆగమ్మే! అవి ఇప్పుడే గదా పండింది, నిన్నటి దాకా కాయలే" అని చేతిలోంచి లాక్కున్నాను. మిగిలిన దోశపిండి ఒక గిన్నెడు ఉంది. దాంట్లో ఈ పండ్లు మెదిపి, రెండు పిడికిళ్లు గోధుమపిండి, తురిమిన బెల్లం, దంచిన యాలకులు, చిటికెడు ఉప్పు వేసి కలిపితే గుంతపొంగనాలకు అంతకంటే మంచి పిండి లేదు. సోడా అక్కర్లేదు, పులిసిన దోశపిండే పొంగిస్తుంది. పండ్లు మెదిపే పని రెండో తరగతి చదివే మా మనవరాలికి ఇచ్చినాను. ఆ పిల్ల మోచేతుల దాకా సంబరంగా పిసికింది. చేతులు కడుక్కొని వచ్చినాక, నాకు తెలీకుండానే నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "చేతులు చూపించు పాపా."

పిల్ల అరచేతులు చాపింది. నేను వాటిని పట్టుకొని, తిప్పి, మణికట్టు చూసి, మోచేతి దాకా తడిమినాను. "అవ్వా, ఇంట్లో పొంగనాలు తినేకి ఇంత చెకింగా?" అనింది. "మా అత్త నేర్పించిందిలే" అన్నాను. అంత పొట్టి మాటతో అయిపోయేది కాదు అది. పిల్ల చేతులు కడుక్కొని వచ్చేలోపే పిండి కలిపి పెనం గుంతల్లో పోసేసినాను; అవి కాలుతాంటే అక్కడే నిలబడినానే గానీ, నా మనసు ధర్మవరం పోయింది.

ధర్మవరానికి ముందు పెనుకొండ చెప్పాలి. మా పుట్టిల్లు పెనుకొండలో కొండ కింద. మాదీ నేతగాళ్ల ఇల్లే గానీ, మా నాయన మగ్గం వదిలేసి బట్టలంగట్లో గుమాస్తాగా చేరిపోయినాడు. ఇంట్లో మగ్గం గుంత పూడ్చి దాని మీద బియ్యం డ్రమ్ము పెట్టేసినారు. పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నీళ్లు పారే చోట మాత్రం అరటిచెట్లు గుంపుగా లేచినాయి. అరటిగెల సంగతి తెలిసిందే గదా, పండితే అన్నీ ఒకేసారి పండి కూర్చుంటాయి. ఆ వారమంతా మా ఇంట్లో వేరే తిండి ఉండేది కాదు. పొద్దున పొంగనాలు, లేకుంటే పండు ముక్కల్లో బెల్లం, పచ్చికొబ్బరి కలిపి దోశలోకి నంజుకొనేది. కన్నడం వాళ్లు రసాయన అంటారు దాన్ని, మా అమ్మ మడకశిర మనిషి కాబట్టి మేమూ అట్లే అనేవాళ్లం. స్కూలు నుంచి రాగానే బొరుగుల్లో పండు పిసికి, పుట్నాలపొడి చల్లి ఒక గిన్నె. సాయంత్రం ఇంకా పండని గెలలోని పచ్చికాయలతో బజ్జీలు. మా నాయన నాలుగో రోజుకు "రేపు చారులో గూడా వేస్తావేమో చూసుకో" అని మూతి ముడిచేవాడు. మా అమ్మ ఐదో రోజు నిజంగానే అరటికాయ పులుసు పెట్టేది.

అట్లాంటి ఇంటి నుంచి నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా పోయినాను. అక్కడ మొదటి రోజే తెలిసింది, ఈ ఇంట్లో అరటిపండు గడప దాటి లోపలికి రాదని. దేవుడికి పెట్టిన పండ్లు కూడా బయట అరుగు మీద మేకుకు వేలాడేవి. తినాలంటే వీధిలో నిలబడి తినాలి, తోలు ఆవుకు వెయ్యాలి, పంపు దగ్గర శనగపిండితో చేతులు రుద్దుకోవాలి, అప్పుడు లోపలికి రావాలి. ఆ తర్వాత మా అత్త ముందర రెండు అరచేతులూ చాపాలి. ఆమె వాటిని తన చేతుల్లోకి తీసుకొని, బొటనవేళ్లతో వేలివేలికీ అదిమి, చాలాసేపు చూసి, "ఊఁ, పో" అంటేనే మగ్గం గదిలోకి పోవాల. "పట్టు ముందరికి ఆకలి గూడా చేతులు కడుక్కొనే రావాల" అనేది. మా ఆయనైనా అంతే, ఆ ఇంట్లో కొడుక్కీ కోడలికీ ఒకటే తనిఖీ. ఒక్కోసారి నాకు ఒళ్లు మండేది. చంటిపిల్లనా, ఇంతసేపు చూసేకి అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకటి మా ఆయనది, ఒకటి మా అత్తది. మామ లేడు, మా ఆయన చిన్నప్పుడే పోయినాడంట. అప్పటి నుంచి ఆ మగ్గంలో కూర్చుని ఇల్లు నడిపిన మనిషి ఆమె. నాకేమో మగ్గమంటే పిచ్చి. పూడ్చేసిన గుంత మీద బియ్యం డ్రమ్ము చూస్తూ పెరిగినదాన్ని గదా, ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవాలని ఆశ. ఆరు నెలలు పట్టుదారం కండెలకు చుట్టినాను, తెగిన పోగులు ముడేసినాను. ఒక రోజు ధైర్యం చేసి అడిగేసినాను. మా అత్త నా మొహం వైపు చూసీ చూడనట్టు చూసి, "ఈ చీర మగ్గం దిగేదాకా ఒక్క మచ్చ పడకుండా, ఒక్క ముడి జారకుండా చూసుకో. తర్వాత చీరకు నువ్వే కూర్చుందువు. మచ్చ పడిందా, కండెలే నీకు" అనింది. మా అత్త ఒక మాట అంటే అంతే, దానికి తిరుగు లేదు.

ఆ చీర తాడిమర్రి రైతుల ఇంటి పెండ్లిచీర. మీగడ రంగు ఒళ్లు, ఎర్ర అంచు, ఒంటి మీద జరీ బుటాలు లేకుండా సాదాగా కావాలన్నారు. అదీ మా అత్త మగ్గం మీదే. సగం నేత అయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ పెనుకొండ నుంచి పాసింజరు బండికి వచ్చే మనిషి చేత ఒక సంచి పంపింది. సంచి నిండా పచ్చి అరటికాయలు. పుట్టింటి వాసన ముక్కుకు తగిలేసరికి నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. మా అత్త సంచిని దూరం నుంచే చూసి, "సరేలే, మీయమ్మ పంపింది చెడగొట్టుకుంటామా? అరుగు మీద పెట్టుకొని చేసుకో" అనింది. ఇంత మాట దొరికితే చాలు నాకు!

కిరసనాయిలు పొయ్యి అరుగు మీదకు తెచ్చుకున్నాను. అరటికాయ కోసేటప్పుడు బంక కారుతుంది గదా, అది చేతికి అంటకుండా ముందే నూనె పూసుకున్నాను, మా అమ్మ నేర్పిన పద్ధతి. గాజులు అడ్డమొస్తాంటే మోచేతి దాకా పైకి తోసుకున్నాను. చక్కగా పలచగా కోసి, శనగపిండిలో వాము నలిపి వేసి, బజ్జీలు వేసినాను. మా అత్త ఒకటి తిని, "ఉప్పు సరిపోయిందా లేదా చూస్తాండా" అని రెండోది తీసుకునింది. ఐదోది కూడా ఉప్పు చూసేకే తినింది. పెండ్లయినాక ఆ ఇంట్లో నేను పెద్దగా నవ్విన సాయంత్రం అది. అంతలో లోపల్నుంచి మా ఆయన, అమ్మ మగ్గం మీద పడుగులో నిలువు పోగు ఒకటి తెగిందని చెప్పినాడు. నేను శనగపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కొని, గాజులు కిందికి లాక్కొని, మా అత్త ముందర చాపినాను. ఎప్పట్లాగే పట్టుకొని, అదిమి, చూసి, "పో" అనింది. పోయి వంగి పోగు ముడేసి వచ్చినాను.

అరటి బంక గుణం ఏందంటే, అంటినప్పుడు నీళ్ల మాదిరి ఉంటుంది, కనపడదు. తెల్లారేసరికి నల్లబడుతుంది. ఒకసారి నల్లబడిందంటే చాకలి చేతిలోనైనా పోదు. అరటిచెట్ల కింద పెరిగిన నాకు ఇది తెలీదా? తెలుసు. చేతుల సంగతి జాగ్రత్తగా చూసుకొని, గాజుల సంగతి మర్చిపోయినాను. మోచేతి దాకా తోసిన గాజులు అక్కడ పడిన బంకంతా తీసుకొని మణికట్టు మీదికి దిగినాయి. నేను వంగి ముడేస్తున్నంతసేపూ అవి మీగడ రంగు పోగుల మీద ఆనుకొనే ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున మా ఆయన కేక వేసినాడు. "అమ్మా, మచ్చ!" నేను పరిగెత్తినాను. ఇంకా నెయ్యని పడుగు మీద, కందిగింజంత నల్ల మచ్చ, దాని పక్కన ఇంకోటి చిన్నది. చూడగానే గాజుల మచ్చని నాకు తెలిసిపోయింది. నోరు మూసుకుంటే ఎవరూ అడగరు, పోగులు ముట్టుకునేది ముగ్గురం. పైగా నా చేతులు చూసి పంపింది ఆమే గదా. మా అత్త నింపాదిగా వచ్చి, మగ్గం మీదికి వంగి, "యాడ? ఈడనేనా?" అని పోగుల మీద వేలు పెట్టింది.

ఆ వేలు మచ్చకు జానెడు దూరంలో ఉంది. మా ఆయన అప్పటికే పంచె సర్దుకుంటూ బయటికి తిరిగినాడు, ఆయన చూడలేదు. నేను చూసినాను. తెల్లటి పట్టు మీద అంత నల్లటి మచ్చ, ఆమెకు కనపడడంలేదు! ఇన్ని నెలలూ నా చేతులు అంతసేపు పట్టుకొనింది చూసేకి కాదు, జిగట తగులుతుందేమోనని తడిమేకి. మీగడ రంగు మీద ఎర్ర అంచు నేసేది కూడా వేళ్ల అలవాటుతోనే. "ఆఁ అత్తా, ఆడనే" అన్నాను. మా ఆయనకు తెలీకూడదని. "నేనే చేసినా. గాజులకు బంక ఉన్నింది, చూసుకోలేదు."

మా ఆయన తిట్టేకి నోరు తెరిచినాడు. మా అత్త చెయ్యి ఎత్తి ఆపి, నన్ను వంటింట్లోకి పిలిచింది. కండెలే నాకు, ఇంక ఈ జన్మకు అంతే అనుకుంటూ పోయినాను. ఆమె పీట మీద కూర్చునింది. తర్వాత, "నా వేలు యాడ పెట్టినా చెప్పు" అనింది. అబద్ధం చెప్పలేకపోయినాను, జానెడు అవతల పెట్టినావత్తా అన్నాను. "రెండేండ్లయింది పాపా. కండ్లకు పొర కమ్ముకొచ్చింది. కండ్లు పోయినాయంటే వాడు నన్ను మగ్గం దింపేస్తాడని భయం. మగ్గం లేకుంటే నేనెవురు?" అనింది. అంత గట్టి మనిషి, చీరకొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కాసేపు ఏడ్చుకొని, తర్వాత ఆమే ముక్కు తుడుచుకొని, "ఆ మచ్చ మీద బుటా వెయ్యొచ్చు. మా అమ్మ చేత్తోనే వేసేది. నేను చెప్తా, నువ్వు చూడు. పో, గాజులు తీసి రా" అనింది.

అట్లా నేను మగ్గంలో కూర్చున్నాను. గుంతలో కాళ్లు పెట్టిన ఆ క్షణం నాకు ఇంకా ఒంట్లో ఉంది. ఆమె పక్కనే పీట వేసుకొని, ఎన్ని పోగులెత్తాలో, జరీ ఎటు నుంచి ఎటు తిప్పాలో కండ్లు మూసుకొని చెప్పేది. నేను చూసి వేసేదాన్ని. తప్పు వేస్తే వేళ్లతో తడిమి పట్టేసేది, "విప్పుమే, ఇది బుటానా బోండానా" అనేది. ఒక్క మచ్చ మీద ఒక్కటే బుటా వేస్తే దొంగతనం బయటపడినట్టు ఉంటుందని, ఆ సగం నుంచి కొంగు దాకా చెదురుగా మామిడిపిందె బుటాలు వేసినాం. చుట్టుకునే సగం సాదా, పైకి కనపడే సగం బుటాలు. మా అత్త పట్టుబట్టి మా ఆయన్ని తాడిమర్రికి పంపి, జరిగింది దాచకుండా చెప్పించింది. పెండ్లికూతురి అమ్మ వచ్చి చీర విప్పి చూసి, "ఏమప్పా, బుటాలుంటే మాకేమన్నా చేదా? చెప్పకుంటే తెలిసేది గూడా లేదు" అనింది. వెనక్కి తిప్పి వెతికితే ఆ మచ్చ ఇప్పటికీ దొరుకుతుందేమో. ఆ పెండ్లికూతురికి కూడా మనవరాళ్లు పుట్టుంటారు.

చీర దిగినాక మా ఆయనకు అసలు సంగతి చెప్పేకి మా అత్త నాకు ఒప్పుదల ఇచ్చింది. ఆయన ఆమెను మగ్గమేమీ దింపలేదు, తల పట్టుకొని కూర్చుని, "ముందే చెప్పుంటే" అని ఏడ్చినాడు. అందరం కలిసి ఆపరేషన్ చేయించినాం. కట్టు విప్పి, నల్లద్దాలతో ఇంటికొచ్చిన వారానికి ఆమే అడిగి అరటికాయ బజ్జీలు చేయించుకునింది. ప్లేటు ముందర పెట్టగానే ఒకటి ఎత్తి, వెలుతురులో అటూఇటూ తిప్పి చూసి, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇన్నాళ్లూ నాకు ఇంత మాడ్చి పెడతాండావా?" అనింది. వీధి వీధంతా నవ్వింది. ఆ పొద్దు నుంచి ఆ ఇంట్లో రెండు రూల్స్ మారినాయి. అరటిపండు గడప లోపలికి వచ్చింది. తనిఖీ మాత్రం అరచేతుల నుంచి మోచేతుల దాకా పెరిగింది.

ఒకటి మాత్రం చాలా ఏండ్లు నాకు అర్థం కాలేదు. కండ్లు బాగా వచ్చినాక, సూదిలో దారం ఎక్కించే చూపు వచ్చినాక కూడా, మా అత్త నా చేతులు అంతేసేపు పట్టుకునేది. ఒక్క చూపుతో తెలిసిపోయేదానికి, అదే అదమడం, అదే తడమడం, ఆఖరి రోజుల దాకా. ముసలితనం చాదస్తమనుకున్నాను.

"అవ్వా, మాడు వాసన వస్తాంది" అనింది మనవరాలు. పొంగనాలు ఒకవైపు నల్లబడినాయి. తిప్పాలంటే చేతులు ఖాళీగా లేవు, ఆ పిల్ల చేతులు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి. ఎప్పుడో చూడడం అయిపోయింది, కడుక్కొన్న చేతులు శుభ్రంగానే ఉన్నాయి. నాకే విడవబుద్ధి కాలేదు. అరటి బంక నల్లబడేకి ఒక రాత్రి చాలు గానీ, అత్త నా చేతులు ఎందుకు విడవలేదో తెలిసేకి నాకు ఒక మనవరాలు పుట్టేంత కాలం పట్టింది.